గొర్రెల లారీ బోల్తా పడితే ఊరు ఏం సిద్ధంగా ఉంచుకోవాలి?

గుత్తి, అనంతపురం మధ్య 44వ నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్లు, జీవాల లారీ బోల్తా పడితే ఏం సిద్ధంగా ఉంచుకోవాలన్నది ప్రశ్న. గొర్రెల లారీనే తీసుకుందాం.

అందరూ చేసే మొదటి తప్పు వెనక తలుపు తీసేయడం. బెదిరిన జీవాలు నేరుగా రోడ్డెక్కుతాయి, రెండో ప్రమాదం అప్పుడే జరుగుతుంది. ముందు 112కి ఫోన్ చేసి, రెండువైపులా వాహనాలు ఆపించి, లారీ చుట్టూ వల కట్టాలి. చేలల్లో మంద నిలిపే వలలు, గుంజలు మన కాపరుల దగ్గర ఎలాగూ ఉంటాయి. ఎవరింట్లో ఉన్నాయో, అర్ధరాత్రి ఎవరు తెస్తారో రాసిపెట్టుకుంటే సగం పని అయినట్టే. ఇక కావాల్సినవి టార్చిలైట్లు, తాళ్లు, శుభ్రమైన గుడ్డలు, పశువైద్యుడి నంబరు, పశువుల అంబులెన్సు నంబరు 1962.

అడుగున పడ్డవి దెబ్బ తగలకపోయినా ఊపిరాడక నిమిషాల్లో చస్తాయి. అందుకే వల పడగానే కుప్ప పైనుంచి విడదీయాలి. కాలో కొమ్మో పట్టి లాగొద్దు. గదవ కింద ఒక చెయ్యి, తొడల వెనక ఒక చెయ్యి వేసి దించాలి. వెల్లకిలా ఉన్నదాన్ని వెంటనే రొమ్ము మీద కూర్చోబెట్టాలి, లేకపోతే గ్యాసు బయటికి పోక పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కుతుంది. రక్తం కారే చోట గుడ్డ పెట్టి 5 నిమిషాలు తీయకుండా అదమాలి. మగతగా ఉన్నదానికి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

చచ్చినవాటిని మాంసానికి కోసుకుపోనివ్వొద్దు (ఇది ఆపడమే కష్టం). పంచనామా, పోస్టుమార్టం కాకముందే పూడ్చేస్తే యజమానికి బీమా డబ్బు రావడం కష్టమే.