జముకు, గిటారు, మధ్యలో డిగ్రీ

ప్రశ్న: మాది పొందూరు. మా నాన్న ఒకప్పుడు జముకు అనే తీగ వాయిద్యం మీటుతూ జముకుల కథలు చెప్పేవారు. మా అబ్బాయి శ్రీకాకుళంలో బీఎస్సీ రెండో ఏడాది చదువుతూ తాత దగ్గర నేర్చుకున్న పాటల్ని గిటారు మీద వాయిస్తాడు, సొంతంగా కూడా రాస్తాడు. దాన్ని ఫోక్ రాక్ అంటాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పాటకి రెండు లక్షల వ్యూస్ వచ్చాయి. అప్పట్నుంచి డిగ్రీ మానేసి హైదరాబాద్ పోతానని పట్టు. ఒక మ్యూజిక్ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి ఆ పాటకి పాతిక వేలు ఇస్తామన్నారట. ఇందులో బతుకుతెరువు ఉందా? ఏ కోర్సులో చేర్చాలి? లక్ష రూపాయల వరకు పెట్టగలం.

జవాబు: ముందు ఆ పాతిక వేల సంగతి తేలుద్దాం. మిగతావి నింపాదిగా మాట్లాడుకోవచ్చు గాని సంతకం మాత్రం రేపే అయిపోవచ్చు. ప్రస్తుతానికి ఆపండి.

ఒక పాటలో చట్టం లెక్కన రెండు ఆస్తులుంటాయి. సాహిత్యం, బాణీ కలిపి ఒకవైపు. వాటిని పాడి పట్టిన రికార్డింగ్ రెండోవైపు. దీన్నే మాస్టర్ అంటారు. మీ అబ్బాయి ఇంట్లో సొంత ఖర్చుతో రికార్డు చేసుకున్నాడు కాబట్టి సొంత పాటలో ఈ రెండూ ఇప్పుడు అతనివే. కంపెనీ కాగితంలో 'శాశ్వతంగా', 'ప్రపంచమంతటా' అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్లుగానే లెక్క, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే లెక్క. అందుకే ఆ రెండు మాటలు వాళ్లు మరిచిపోకుండా రాస్తారు. ఇంకో షరతు చివరి పేజీల్లో దాక్కుని ఉంటుంది: 'ఇకపై చేసే పాటలు ముందు మాకే ఇవ్వాలి' అని. పాతిక వేలకు ఒక పాట పోతే పోయింది, రాబోయే పాటలు కూడా పోతే మాత్రం కష్టం.

మీరు అడగాల్సింది ఇది: అమ్మకం వద్దు, లైసెన్సు ఇస్తాం. ఒక్క పాటకే, మూడేళ్లకే, మాస్టర్ మీద వచ్చే రాబడిలో వాటాతో. 2012 సవరణ తర్వాత పాట రాసినవారు, బాణీ కట్టినవారు తమ రాయల్టీ వాటాను కంపెనీకి వదిలేస్తున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. ఆ వాటా వసూలుకు ఐపీఆర్ఎస్ అనే సొసైటీ ఉంది. రచయితగా, స్వరకర్తగా మీ అబ్బాయి అందులో సభ్యత్వం తీసుకోవాలి. వాటాను వదులుకోమనే షరతు కాగితంలో కనిపిస్తే, ఆ కంపెనీ ఎలాంటిదో కూడా తెలిసిపోతుంది.

ఇంతకీ ఆ రెండు లక్షల వ్యూస్ వచ్చిన పాట ఎవరిది? అతను రాసిందా, తాతగారి దగ్గర నేర్చుకున్నదా? మీ ఉత్తరంలో అది లేదు, కానీ అసలు ముడి అక్కడే ఉంది. తరతరాలుగా నోటినోటా వచ్చిన పాటకి చట్టంలో ఒక యజమాని ఉండరు, ఎవరైనా పాడుకోవచ్చు. దాన్ని కొత్తగా అమర్చి పాడితే ఆ అమరిక, ఆ రికార్డింగ్ మాత్రమే మీవి. తాతగారు సొంతంగా కట్టిన చరణాలుంటే అవి ఆయనవి. ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. పక్క ఊరి కళాకారుడి నోట విని తెచ్చుకున్నదైతే ఆయన్ని అడగాలి, పేరు వెయ్యాలి, వాటా ఎంతో ఒక పేజీ మీద రాసుకోవాలి. ఉత్తరాంధ్ర పాట ఊరు దాటి పెద్ద పేరు తెచ్చుకున్నాక 'ఇది మాది' అన్న గొడవ లేవడం కొత్తేం కాదు. ఆ కాగితం ముందే ఉంటే గొడవకి చోటుండదు.

యూట్యూబ్‌లో ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. అదే జానపదాన్ని ఎప్పుడో ఒక కంపెనీ రికార్డు చేసి, తన సొంత సొత్తన్నట్టు కంటెంట్ ఐడీలో (ఒకేలా ఉన్న పాటల్ని యూట్యూబ్ తనంతట తాను పట్టుకునే ఏర్పాటు) పెట్టేసి ఉంటుంది. మీ అబ్బాయి పాట పెట్టగానే క్లెయిమ్ వస్తుంది, ఆదాయం అటు పోతుంది. దాన్ని ఎదుర్కోవాలంటే ఆధారం కావాలి. అందుకే ప్రతి పాటకీ ఒక నోటుపుస్తకం పేజీ కేటాయించండి: ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఏ తేదీన విన్నాడు, ఏ చరణం పాతది, ఏది తను కలిపింది. పూర్తిగా సొంత పాటల్ని కాపీరైట్ ఆఫీసులో ఆన్‌లైన్‌లోనే నమోదు చేయించవచ్చు. సాహిత్యానికి 500, సంగీతానికి 500, రికార్డింగ్‌కి 2,000 రూపాయల ఫీజు. హక్కు నమోదుతో పుట్టదు, రాసిన రోజే పుడుతుంది. నమోదు సాక్ష్యానికి పనికొస్తుంది.

ఇక బతుకుతెరువు. వ్యూస్ మీద బతకలేరు. ఇన్‌స్టాగ్రామ్ రెండు లక్షల వ్యూస్‌కి చేతికొచ్చేది దాదాపు సున్నా. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్) ఉండాలి. స్పాటిఫైలో ఒక పాట 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటకపోతే 2024 నుంచి దానికి రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు. దాటినా మన దేశంలో వెయ్యి స్ట్రీములకు వచ్చేది పదుల రూపాయల్లోనే. స్వతంత్రంగా పాడేవాళ్ల ఇల్లు నడిచేది స్టేజీ మీద. ఆ లెక్క కూడా చూడండి. విశాఖలో ఒక కాలేజీ ఫెస్ట్ వాళ్లు నలుగురి బృందానికి 40,000 ఇచ్చారనుకుందాం. బండికి 7,000, తిండికి 2,000, సొంత సౌండ్ మనిషికి 4,000, ముగ్గురు వాయిద్యగాళ్లకు తలా 5,000. మీ అబ్బాయికి మిగిలేది 12,000. అందులో రెండు వేలు తీగలకీ రిపేర్లకీ పక్కన పెట్టాలి. నెలకి అలాంటి ప్రోగ్రాంలు రెండు దొరికితే మొదటేడాది బాగున్నట్టే. అవీ ఏడాది పొడవునా రావు. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం, ఆ చుట్టూ విజయనగరం ఉత్సవాలు, జనవరి నుంచి మార్చి దాకా కాలేజీ ఫెస్టులు, ఎండాకాలం ఊరి జాతరలు. ఆషాఢం నుంచి చేతిలో పని ఉండదు. పాటలు రాసుకోడానికి ఆ రోజులే మంచివి.

అందుకే డిగ్రీ మాన్పించొద్దు. ఇది పెద్దవాళ్ల చాదస్తం అని అబ్బాయి అనుకుంటే రఘు దీక్షిత్ గురించి చెప్పండి. కన్నడ తత్వకవి శిశునాళ షరీఫ్ తత్వాలని గిటారు మీదకి తెచ్చి ప్రపంచమంతా తిరిగిన ఆ కన్నడ గాయకుడు మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ. తొలి ఆల్బం 2008లో వచ్చింది. అంతకుముందు ఉద్యోగాలూ చేశాడు. ఢిల్లీలో 1990లో మొదలైన ఇండియన్ ఓషన్ బృందానికి దేశమంతా పేరు తెచ్చిన ఆల్బం వచ్చింది 2000లో. మన పార్వతీపురం పక్క పెదబొండపల్లి వంగపండు ప్రసాదరావు గారు కూడా విశాఖ షిప్‌యార్డ్‌లో ఉద్యోగం చేసినవారే. హైదరాబాద్‌కి ఇప్పుడే పోతే గది అద్దె కోసం పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడుకోవాలి. అది తప్పు పని కాదు గాని, సొంత పాట వెనక్కి పోతుంది. అక్కడివాళ్లు డబ్బులిచ్చి మూడుసార్లు పిలిచాక వెళ్తే అప్పుడు లెక్క వేరు.

కోర్సు విషయం. విజయనగరంలోని మహారాజా సంగీత కళాశాల 1919 నాటిది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. సర్టిఫికెట్ నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. అక్కడ శ్రుతి, తాళం గట్టిపడతాయి, స్వరం రాసుకోవడం వస్తుంది. గిటారూ పాట రాయడమూ నేర్పరు. ఒక జాగ్రత్త: జముకుల కథ గొంతు తెరిచి సూటిగా పాడే పాట. దాన్ని గమకాలతో నున్నగా చేసేస్తే ఉన్న బలం పోతుంది. డిగ్రీకి అడ్డురాకుండా కుదిరితేనే చేర్చండి. గిటారుకి ట్రినిటీ లండన్ రాక్ అండ్ పాప్ గ్రేడు పరీక్షలు ఇంటి దగ్గర సాధన చేసి ఇవ్వొచ్చు. కేంద్రం తరఫున సీసీఆర్‌టీ అనే సాంస్కృతిక శిక్షణ సంస్థ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది. వయసు 18 నుంచి 25 మధ్య ఉండాలి, జానపదం కూడా అందులోకి వస్తుంది, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి. అందుకే తాతగారి దగ్గర ఎప్పట్నుంచి నేర్చుకున్నాడో కూడా ఆ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోమనండి.

లక్షలో 30 వేలు దాటి సామాను కొనొద్దు. గిటారు, కంప్యూటర్ ఎలాగూ ఉన్నాయనుకుంటే, మైకుని కంప్యూటర్‌కి కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, స్టేజీకి కూడా పనికొచ్చే డైనమిక్ మైకు, చెవులు మూసే హెడ్‌ఫోన్, స్టాండ్లు, కేబుళ్లు ఆ సొమ్ములో వచ్చేస్తాయి. ఖరీదైన కండెన్సర్ మైకు జోలికి పోవద్దు. అది ఫ్యాను చప్పుడు, కాకుల గోల, గుడి మైకు అన్నీ పట్టేస్తుంది. రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను ఆపి, గోడకి రెండు బొంతలు వేలాడదీసి పాడితే డైనమిక్ మైకుతోనే మంచి గొంతు దొరుకుతుంది. రికార్డింగ్‌కి రీపర్ అనే సాఫ్ట్‌వేర్ 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. తక్కిన డబ్బులో కొంత నాలుగు పాటలు బయట మిక్సింగ్ చేయించడానికి, మిగతాది ఏడాది ప్రయాణాలకి.

జముకుని గిటారుతో కలపడంలోనే చాలామంది బోల్తా పడతారు. జముకు తీగని చేత్తో లాగి పట్టి మీటుతారు. బిగువు మారితే స్వరం జారుతుంది, దాని అందమే ఆ జారుడు. గిటారు మెట్లు మాత్రం కదలవు. పైగా మన జానపద బాణీలు చాలా వరకు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. వాటి కింద సినిమా పాటకి వేసినట్టు నాలుగు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) మార్చుకుంటూ పోతే, జముకు జారిన ప్రతి చోటా అపస్వరం వినిపిస్తుంది. అప్పుడు తప్పు జముకుది అనుకుని దాన్ని మిక్సింగ్‌లో తగ్గించేస్తారు. చివరికి మిగిలేది మామూలు గిటారు పాట. దీనికి మందు గిటారు శ్రుతి మార్చడమే. ఆరో తీగ, రెండో తీగ, ఒకటో తీగ, ఈ మూడింటినీ ఒక్కో పూర్తి స్వరం దించితే డి-ఏ-డి-జి-ఏ-డి వస్తుంది. తీగలన్నీ వదిలి మీటినా తంబురాలాగ షడ్జం, పంచమం, మూడో తీగ మీద మధ్యమం మోగుతూ ఉంటాయి. దాని మీద జముకు ఎటు జారినా కొట్టుకోదు. ఇది రెండు శ్రుతి. గొంతుకి ఇంకా పైన కావాలంటే కేపో (తీగలన్నిటినీ అదిమిపట్టే క్లిప్పు) రెండో మెట్టు మీద పెడితే మూడు శ్రుతి. తాతగారి జముకుని గిటారుకి సరిచెయ్యడం కాకుండా, ఆ రోజు జముకు ఎక్కడ పలికితే గిటారుని అక్కడికి తేవాలి.

రికార్డు చేసేటప్పుడు మైకుని జముకు చర్మానికి ఎదురుగా కాక కాస్త పక్కగా, అడుగున్నర దూరంలో పెట్టాలి. అతి గట్టి దెబ్బకి కూడా మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకూడదు. సున్నాని తాకి చిరిగిన శబ్దాన్ని తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. పాడేటప్పుడు బఫర్ (పాడింది చెవికి చేరే ఆలస్యాన్ని తేల్చే అమరిక) 128, మిక్సింగ్‌లో 1024. వానాకాలం గాలికి చర్మం సడలిపోతుంది. డప్పుని మంట దగ్గర కాచినట్టు కాచుకున్నా ఏసీ గదిలో కాసేపటికే శ్రుతి మారిపోతుంది. మొత్తం పాట ఒకేసారి కాకుండా చరణం చరణంగా పట్టుకుని, ప్రతిసారీ శ్రుతి చూసుకోవాలి.

స్టేజీకి వెళ్లేముందు నిర్వాహకులకి వాట్సాప్‌లో ఒక జాబితా పంపాలి: గొంతులకి రెండు మైకులు, గిటారుకి, బేస్‌కి డీఐ బాక్సులు (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కి కలిపే పెట్టెలు), జముకుకి ఒకటి, డప్పుకి ఒకటి, అంటే ఆరు చానళ్లు, మీ శబ్దం మీకే వినిపించే స్పీకర్లు, అంటే మానిటర్లు రెండు, 45 నిమిషాల సౌండ్ చెక్. సగం అడ్వాన్స్. జాతరల్లో జనరేటర్ కరెంటుకి గిటారులోంచి 'జుయ్' మని మోత వస్తుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కితే చాలాసార్లు పోతుంది. గిటారు ఊళ పెడుతుంటే సౌండ్ హోల్‌కి రబ్బరు మూత పెట్టాలి. పారితోషికంలో 10 శాతం టీడీఎస్ పట్టుకుంటే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

రాసే విషయానికొస్తే నాకు ఒక్క అభిప్రాయమే ఉంది. 'ఎల్దాం' అని నోటికొచ్చిన చోట 'వెళ్దాం' అని దిద్దొద్దు. గుజరాత్‌లోని వెరావల్‌కి వలసపోయే మత్స్యకారులు, ఉద్దానం కిడ్నీ జబ్బు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పడగొట్టిన కొబ్బరి తోటలు, ఇవి ఈ జిల్లా కుర్రాడు రాయగలిగినట్టు హైదరాబాద్‌లో ఎవరు రాయగలరు? గొంతు బొంగురు మూడు వారాలు దాటి తగ్గకపోతే మాత్రం మిరియాల పాలతో కాలక్షేపం చెయ్యకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

డిగ్రీ పూర్తయ్యేలోపు పన్నెండు సొంత పాటలు, ఆగకుండా 50 నిమిషాలు నడిపే ప్రోగ్రాం, డబ్బులిచ్చి పిలిచినవి పది. ఈ మూడూ ఉంటే తర్వాత రెండేళ్లు పూర్తిగా దీనికే ఇవ్వనివ్వండి. లేకపోతే పీజీ చేస్తూనే పాడుకుంటాడు, పాటలు మాత్రం అతనివే అయి ఉంటాయి.

ఈ శనివారం ఇంకో పని చేయించండి. తాతగారు పాడగలిగిన స్థితిలో ఉంటే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మూడడుగుల దూరంలో దిండు మీద ఉంచి, ముందు ఆయన పేరు, ఊరు, తేదీ ఆయన నోటితోనే చెప్పించి, గుర్తున్న పాటలన్నీ పాడించమనండి. మధ్యలో దగ్గినా, ఆగినా, ఎవరు నేర్పారో చెప్పినా కత్తిరించొద్దు. ఆ ఫైలు రెండు చోట్ల దాచండి.