గోడ లైటు బిగించే ముందు

ప్రశ్న: హాల్లో గోడ మీద పాత లైటు తీసేసి ఇనుప బాడీ ఉన్న కొత్తది పెట్టుకోవాలి. స్విచ్ ఆపేసి పని చేసుకోవచ్చా? పాయింటులో రెండే వైర్లున్నాయి, ఎర్త్ కనిపించడం లేదు.

జవాబు: స్విచ్‌ను నమ్ముకోకండి. వైరింగ్ చేసినప్పుడు పొరపాటున స్విచ్‌ను ఫేజ్ (కరెంటు తెచ్చే వైరు) మీద కాక న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే వైరు) మీద పెట్టి ఉంటే, లైటు ఆరినా హోల్డర్ దాకా ఫేజ్ వస్తూనే ఉంటుంది. ఇలాంటి ఇళ్లు మీరనుకున్నంత అరుదు కాదు. మెయిన్ బోర్డులో ఆ లైనుకు సంబంధించిన ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) దించండి. ఏది దేనిదో తెలియకపోతే మెయినే దించేయండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్నీ ఆపాలి. లేకపోతే మెయిన్ దించిన మరుక్షణం అది అందుకుంటుంది, లైట్ల లైన్లు సాధారణంగా దాని మీదే ఉంటాయి. ఎవరూ తెలియక పైకి ఎత్తకుండా బోర్డు మీద ఒక కాగితం అంటించండి.

కరెంటు ఆపకముందే టెస్టర్‌ను పనిచేస్తున్న సాకెట్లో పెట్టి, వెలుగుతోందో లేదో చూసుకోండి. పాడైన టెస్టర్ కూడా ‘కరెంటు లేదు’ అనే చెబుతుంది. చెక్క స్టూలు మీద రబ్బరు చెప్పులతో నిలబడితే మంచి టెస్టర్ కూడా మసకగా వెలగొచ్చు. మల్టీమీటర్ ఉంటే అదే వాడండి. వైరు రంగును బట్టి ఇది ఫేజ్, ఇది న్యూట్రల్ అని తేల్చేయకండి.

ఇక ఎర్త్ సంగతి. ముందు పాయింటు బాక్సు లోపల వెతకండి. పాత ఫిట్టింగు ప్లాస్టిక్‌దైతే ఎర్త్ వైరును మడిచి వెనక్కి తోసేసి ఉండొచ్చు. నిజంగానే లేకపోతే ఇనుప బాడీ లైటు అక్కడ పెట్టకూడదు. లోపల వైరు ఒరుసుకుని తొడుగు ఊడితే బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది, లైటు మాత్రం మామూలుగానే వెలుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్విచ్ బోర్డు నుంచి అదే పైపులో ఎర్త్ వైరు లాగించండి. లేదా చదరంలో చదరం గుర్తు ఉన్న ఫిట్టింగు కొనండి, దానికి ఎర్త్ అక్కర్లేదు. కొందరు న్యూట్రల్‌నే బాడీకి కలిపేస్తుంటారు. అది ప్రాణాంతకం: వెనక ఎక్కడో న్యూట్రల్ తెగితే, బల్బు గుండా ఫేజ్ నేరుగా బాడీ మీదికి వస్తుంది.

కలిపేటప్పుడు వైరు తొడుగు 8 నుంచి 10 మి.మీ. మాత్రమే తీయండి. పోగులను మెలిపెట్టి కనెక్టర్‌లో బిగించి, ఒక్కో వైరును విడిగా లాగి చూడండి. కనెక్టర్ బయట రాగి కనిపించకూడదు. వట్టి మెలి మీద టేపు చుట్టి వదిలేస్తే వేడికి జిగురు కరుగుతుంది, జాయింటు వదులై కాలుతుంది. మర బల్బు హోల్డర్ అయితే ఫేజ్ మధ్య పిన్నుకే వెళ్లాలి, మర ఉన్న చుట్టుకు కాదు.

ప్రశ్న: డ్రిల్ చేసి రంధ్రంలో ప్లగ్గు (స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టం) పెట్టినా స్క్రూలు గోడలోంచి ఊడి వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: ప్లగ్గు ప్లాస్టరింగులోనే ఆగిపోతోంది. బిట్టుకు తగిలే గట్టిదనాన్ని గమనించండి: మొదట మెత్తగా తెల్లటి లేదా బూడిదరంగు పొడి వస్తుంది, ఇటుక తగలగానే ఎర్రపొడి వస్తుంది. ప్లగ్గు పట్టు ఆ ఇటుకలో ఉండాలి. ప్లాస్టరింగు 15 మి.మీ. ఉంటే 30 మి.మీ. ప్లగ్గులో సగం వృథాయే. 40 లేదా 50 మి.మీ. ప్లగ్గు, దానికి తగ్గ పొడవు స్క్రూ వాడండి. 6 మి.మీ. ప్లగ్గుకు 6 మి.మీ. బిట్టే. రంధ్రం ప్లగ్గు కంటే 5 నుంచి 10 మి.మీ. లోతుగా ఉండాలి, కాబట్టి బిట్టుకు ఆ కొలతలో టేపు చుట్టుకోండి. లోపలి పొడి ఊదేయకుండా ప్లగ్గు కొడితే అది పూర్తిగా దిగదు.

పాయింటుకు నిట్టనిలువుగా పైనా కిందా, సరిగ్గా పక్కనా రంధ్రాలు వేయకండి. గోడలో పైపులు ఎక్కువగా ఆ దారుల్లోనే వెళ్తాయి. ఫిట్టింగు పట్టీని కాస్త తిప్పి బిగిస్తే చాలాసార్లు ఆ దారి తప్పుతుంది. జిప్సం బోర్డు గోడకు ఈ ప్లగ్గులు పనికిరావు, వెనక రెక్కలు విచ్చుకునే రకం కావాలి.

ప్రశ్న: కొత్త ఎల్‌ఈడీ లైటు స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతోంది.

జవాబు: స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉంటే దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటే కారణం. అలాంటి స్విచ్ కాకపోతే మొదటి జవాబులో చెప్పిన న్యూట్రల్ స్విచ్చింగ్ కావచ్చు. మొదటిది ప్రమాదం కాదు, రెండోది వెంటనే సరిచేయించాలి.

ప్రశ్న: వానపడ్డప్పుడల్లా వరండా గోడ లైటు వల్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ట్రిప్ అవుతోంది.

జవాబు: లోపలికి నీళ్లు దిగుతున్నాయి. నేరుగా వాన తగిలే చోట ఐపీ65 (దుమ్ము, నీటి ధార లోపలికి పోని రకం) ఫిట్టింగు పెట్టండి. గోడకు ఆనే అంచున పైన, రెండు పక్కలా సిలికాన్ పూసి, కింది అంచు మాత్రం వదిలేయండి. నాలుగు వైపులా మూసేస్తే గోడలోంచి వచ్చిన చెమ్మ బయటికి పోయే దారుండదు. వైరు బయటినుంచి వస్తుంటే కిందికి వంపు తిప్పి లోపలికి ఎక్కించండి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. ఇవన్నీ చేసినా, ఎండ రోజుల్లో కూడా ట్రిప్ అవుతుంటే ఫిట్టింగు విప్పి, పట్టీ స్క్రూ కింద న్యూట్రల్ వైరు నలిగిందేమో చూడండి.