లిక్విడ్ పోయించావని విన్నాను

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్ నుంచి బైక్ మీద బయల్దేరి, శ్రీశైలం చూసుకుని, దోర్నాల ఘాట్ దిగి, మార్కాపురం మీదుగా మన వినుకొండ వస్తున్నావట. ఆ మాట వినగానే చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళి, టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పొచ్చాను, మా మనవరాలు బండి మీద వస్తోందని. లోపలికొచ్చాక మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. రెండు టైర్లలో లిక్విడ్ పోయించావట, ఇక పంచర్ టెన్షన్ లేదన్నావట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

లిక్విడ్ వద్దనడం లేదు. 27 ఏళ్ళు పంచర్లు వేసినవాణ్ణి, మంచిదాన్ని మంచిదనే అంటాను. అసలు అది కొత్తదేం కాదు. తొలి యాక్టివాల్లో రెండు పొరల ట్యూబ్ వచ్చేది, మధ్యలో ఈ లిక్విడే. అలాంటి ట్యూబ్ నా కొట్టుకి వస్తే జిగటంతా చేతులకంటుకునేది. తిట్టుకుంటూ వేసేవాణ్ణి. ఇప్పటి వాటిల్లో గ్లైకాల్, సన్నటి నార పోగులు ఉంటాయి. చక్రం తిరిగేకొద్దీ టైరు లోపల పూతలా పరుచుకుంటుంది. మేకు పెరికితే గాలి ఆ లిక్విడ్‌ని రంధ్రంలోకి తోస్తుంది, పోగులు అక్కడ చిక్కుకుని బిరడా పడుతుంది. రోడ్డుకి ఆనే భాగంలో 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతే చక్కగా ఆగుతుంది.

పోసేటప్పుడు వాల్వ్ అడుగున ఉండకూడదు, కాస్త పక్కకి తిప్పి పెట్టాలి. లేకపోతే లిక్విడంతా వచ్చి అక్కడే కూర్చుని గాలి దారి మూసుకుంటుంది. సీసా మీద ఎంత రాస్తే అంతే పోయాలి, ఎక్కువ పోస్తే స్పీడులో హ్యాండిల్ వణుకుతుంది. పోసిన వెంటనే నాలుగైదు కిలోమీటర్లు నడపాలి. ఏడాదీ రెండేళ్ళకి అది ఎండి గడ్డకడుతుంది, పోయించిన తేదీ ఎక్కడైనా రాసుకో. దారిలో ఎవరి దగ్గరైనా పంచర్ వేయించాల్సి వస్తే లోపల లిక్విడ్ ఉందని ముందే చెప్పు. వాల్వ్ పిన్ను తీయగానే పాపం వాడి మొహాన చిమ్ముతుంది. పైగా నీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే ప్యాచ్ అంటుకోదు.

ఇవన్నీ నీకు ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఇన్నేళ్ళుగా నేనూ చెప్పలేదు.

2014 కార్తీక మాసం. మీ అమ్మమ్మని బండి మీద శ్రీశైలం తీసుకెళ్ళాను. బస్సులో పోదామంది, నేనే వినలేదు. అప్పటికి నా బండిలో లిక్విడ్ పోసి ఏడెనిమిది నెలలైంది. మూడు మేకులు పెరికాను, మూడుసార్లూ గాలి దిగలేదు. అంతే, గాలి చూసుకోవడమే మానేశాను. కొట్టు ముందు కంప్రెసర్ పెట్టుకున్నవాణ్ణి!

యాత్రకి పది రోజుల ముందు వెనక టైర్లో ఇంకో మేకు కనపడింది. నడిమధ్యన కాదు, అంచున, సైడు మొదలయ్యే చోట. పెరికాను, బుస్సుమంది. చక్రం తిప్పాను, ఆగింది. అదే మేకు ఇంకొకరి టైర్లో ఉంటే, "సైడుకి పడింది బాబూ, ఇక్కడ ఏం వేసినా నిలవదు, టైరు మార్చు" అనేవాణ్ణి. కొట్లో వందలమందికి అన్నాను. నాదయ్యేసరికి, ఆగింది కదా అనుకున్నాను. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ అంచు నలుగుతుంది, వంగుతుంది. అక్కడ పడ్డ బిరడా ఎన్నాళ్ళుంటుంది? ఇద్దరం మనుషులం, ఒక బ్యాగు, ఘాట్ మలుపులు, బ్రేకులు.

తిరుగు దారిలో దిగుతుండగా బండి వెనక కాస్త ఊగింది. "కదలకుండా కూర్చో" అని గదమాయించాను.

"నేను కదల్లేదండీ" అంది.

నమ్మలేదు. తర్వాతి మలుపులో చక్రం పక్కకి ఈడ్చింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. ఆవిడ కుడి చెయ్యి ఆనించి పడింది, మణికట్టు విరిగింది. ఫోన్లో సిగ్నల్ లేదు. పొద్దు వాలుతోంది, చుట్టూ అడవి. ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని రాయి మీద కూర్చుంది, ఒక్క మాట అనలేదు. ఏమైనా తిట్టినా బావుండేది. చీకటి పడేవేళకి ఒక లారీ ఆయన ఆపి దోర్నాల దాకా తెచ్చాడు.

శ్రీశైలంలో మెట్ల మీద జారానని మీ అందరికీ చెప్పింది ఆవిడే. నేను పక్కనే నిలబడి ఊఁ కొట్టాను. మీ అమ్మకి ఇప్పటికీ మెట్లనే తెలుసు.

లిక్విడ్ లేకపోతే ఆ మేకుకి టైరు ఇంటి దగ్గరే పడుకునేది. అది పోశాక టైరు మనతో మాట్లాడడం మానేస్తుంది, అమ్మలూ. అందుకని రోజూ బయల్దేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడు. చిన్న గేజీ ఒకటి కొనుక్కో. చక్రం చేత్తో తిప్పుతూ మేకుందేమో చూడు. నడిమధ్యన దొరికితే పెరికి, లిక్విడ్ ఆపినా సరే, దగ్గర్లో స్ట్రిప్, అదే రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ, వేయించు. అంచునో సైడుకో కనపడితే పెరకొద్దు, అక్కడే ఆగి నాకు ఫోన్ చెయ్యి. బండి ఊగిందా, ఎవర్నీ గదమాయించకుండా మెల్లగా పక్కకి తియ్యి.

ఇంకోటి. అడవి దారికి అటు మన్ననూరు గేటు, ఇటు దోర్నాల గేటు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. గేటుతో నాకు పని లేదు. సాయంత్రం 4 తర్వాత నువ్వు ఘాట్ మీద ఉండకూడదు, అంతే. దర్శనం లేటయితే ఆ రాత్రి శ్రీశైలంలోనే పడుకో. ఛాదస్తం అనుకో, పర్లేదు. ఆ రాయి మీద కూర్చున్నది నువ్వు కాదు.

వాల్వ్ పిన్ను తీసే నా పాత కీ కొరియర్‌లో పంపుతున్నాను. తుప్పు వదలగొట్టాను, పని చేస్తుంది. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మ కంట పడనీకు, చెప్పాలనిపించినప్పుడు మీ అమ్మమ్మే చెబుతుంది.

ఆవిడ నువ్వొస్తున్నావని అప్పుడే సున్నుండలు మొదలెట్టింది. కుడి పిడికిలి ఇప్పటికీ పూర్తిగా మూసుకోదు, ఎడమ చేత్తో చుడుతోంది. వంకరగా ఉన్నాయని వెక్కిరించకు.

మీ తాతయ్య