రెక్క అదిరిందా, రెపరెపలాడిందా?

సందేహం: “గాలి ఉద్ధృతికి విమానం రెక్కల్లో అనునాదం ఏర్పడి ప్రకంపనలు వచ్చాయి” అని ఒక విజ్ఞాన వ్యాసంలో చదివాను. ఇంగ్లీషులో దీన్ని ఫ్లటర్ అంటారట. దానికి ‘ప్రకంపన’ సరైన మాటేనా? అసలు ప్రకంపన, ప్రకంపనం అనే రూపాల్లో ఏది సాధువు?

సమాధానం: రెండో ప్రశ్న చిన్నది. కంప ధాతువు మీద ల్యుట్ అనే సంస్కృత ప్రత్యయం చేరి ఏర్పడిన నపుంసక పదం కనుక ప్రకంపనం, ప్రకంపనాలు అన్నవి వ్యాకరణానికి నిలిచే రూపాలు. ‘ప్రకంపనలు’ పత్రికల ధర్మమా అని స్థిరపడింది. ఇప్పుడు దాన్ని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

అసలు చిక్కు అర్థంలో ఉంది. ఆగి ఉన్న బస్సులో ఇంజన్ తిరుగుతుంటే కిటికీ అద్దం అదురుతుంది. దండెం మీద ఆరేసిన చీర గాలికి రెపరెపలాడుతుంది. ఈ రెండు క్రియలను మనం ఎన్నడూ తారుమారు చేయం. అద్దాన్ని కదిపే లయ ఇంజన్‌లో ముందే ఉంది. చీర విషయంలో గాలి ఒకే తీరున వీస్తున్నా లయ చీరలోనే పుడుతుంది. పిల్లగాలికే ఆకులు కదలాడుతాయని రావిచెట్టును సంస్కృతంలో చలదలమన్నారు. అక్కడా గాలికి తాళం వేయడం రాదు, ఆకే వేసుకుంటుంది.

విమానం రెక్కకు ప్రధానంగా రెండు కదలికలు ఉంటాయి: కొస పైకీ కిందికీ వంగడం ఒకటి, రెక్క తన పొడవు వెంట మెలితిరగడం మరొకటి. వేగం తక్కువగా ఉన్నంతసేపూ వీటిని గాలే అణచివేస్తుంది. ఒక హద్దు వేగం దాటాక ఈ రెండూ ఒకే పౌనఃపున్యంతో (సెకనుకు వచ్చే ఊపుల సంఖ్యతో) జతకడతాయి. రెక్క మెలితిరిగినప్పుడల్లా గాలి తాకే కోణం మారి, దానితో పాటు పైకెత్తే బలమూ మారి, ఆ మార్పు వంగే కదలికకే ఊతమిస్తుంది. ప్రతి ఊపుకూ గాలి నుంచి మరికొంత శక్తి చేరడంతో, క్షణాల్లో రెక్క విరిగిపోయే ప్రమాదం ఉంది. ఇదీ ఫ్లటర్. (కుదుపుల్లో కిటికీ పక్కన కూర్చున్నవారికి రెక్క కొస ఊగుతూ కనిపించేది ఇది కాదు, అది గాలి తోపుకు వంగి తిరిగి సర్దుకోవడం. దానికి ‘ఊగడం’ చాలు.)

అందువల్ల మీరు చదివిన వాక్యంలో ‘ప్రకంపన’ కన్నా ‘అనునాదం’ పెద్ద పొరపాటు. బయటి నుంచి వచ్చే తోపుల లయ వస్తువు సహజ పౌనఃపున్యంతో కలిసినప్పుడే అనునాదం. 1916లో బ్రిటన్‌లో హ్యాండ్లీ పేజ్ బాంబరు తోక విపరీతంగా మెలికలు తిరిగినప్పుడు లాంచెస్టర్ అనే ఇంజనీరు పరిశీలించి, అది బయటి కంపనాలకు స్పందన కాదని, తనంత తానే పుట్టిందని గుర్తించాడు. కుడి, ఎడమ ఎలివేటర్లను (విమానం ముక్కును ఎత్తడానికీ దించడానికీ తోకలో కదిలే పలకలను) గట్టి గొట్టంతో కలపడమే మందని సూచించాడు. అయినా 1940 నవంబరు 7న గంటకు సుమారు 64 కిలోమీటర్ల గాలికి ఇలాగే తనంత తానే పుట్టిన ఊపుతో మెలితిరిగి కూలిన అమెరికాలోని టకోమా వంతెనను అనునాదానికి ఉదాహరణగా చూపే పాఠాలు ఇంకా ఉన్నాయి. మన వ్యాసకర్త కూడా అలాంటి పాఠమే చదివి ఉంటాడు.

మరి ఏ మాట వాడాలి? ‘కంపనం’ తప్పు కాదు గాని మరీ వెడల్పు. ‘స్వయంప్రేరిత కంపనం’ అర్థాన్ని సరిగా పడుతుంది, నోటికి మాత్రం బరువు. ‘రెపరెప’ జరిగే తీరును చక్కగా చెబుతుంది, ప్రమాదాన్ని చెప్పదు. జెండా రెపరెపలాడితే ఎవరూ భయపడరు కదా! కనుక ‘ఫ్లటర్’నే తెలుగు లిపిలో రాసి, మొదటిసారి వచ్చిన చోట ‘గాలి నుంచే శక్తి తీసుకుని పెరిగిపోయే రెపరెప’ అని విప్పిచెప్పడం మేలని నా అభిప్రాయం. “వేగం హద్దు దాటడంతో విమానం రెక్కల్లో ఫ్లటర్ మొదలైంది” అంటే వాక్యం కుదురుతుంది. ‘గాలి ఉద్ధృతి’ని కూడా తీసేశానని గమనించే ఉంటారు: గాలి నిశ్చలంగా ఉన్న రోజున కూడా విమానం తన వేగంతోనే ఆ హద్దు దాటగలదు.