మోటారు వేయగానే ట్యాంకు రీడింగు తారుమారు

ప్రశ్న: మా అపార్టుమెంటు ట్యాంకు నీటిమట్టాన్ని 433 మెగాహెర్ట్జ్ రేడియో మాడ్యూల్‌తో సెకనుకు 1200 బిట్ల వేగంతో కింది గదికి పంపుతున్నాను. మోటారు స్టార్టర్ పడినప్పుడల్లా 62 శాతం కాస్తా 126 అనో, ఇంకేదో అనో వస్తోంది. ఒక్కో రీడింగును వెంటవెంటనే మూడుసార్లు పంపి, రెండు కలిసినదే తీసుకుంటున్నా తప్పులు ఆగడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: 62 అంటే 00111110. అందులో ఎడమ నుంచి రెండో బిట్టు తిరగబడితే 126. కానీ స్టార్టర్ కాంటాక్టుల్లో లేచే నిప్పురవ్వ రేడియో సంకేతాన్ని చెడగొడుతుంది, అదీ ఒక్క బిట్టుతో పోదు. మీ వేగంలో బిట్టుకు 0.83 మిల్లీసెకను. రవ్వ 10 మిల్లీసెకన్లుంటే వరసగా 12 బిట్లు పాడవుతాయి. మీ మూడు కాపీలూ పక్కపక్కనే వెళ్తున్నాయి కాబట్టి ఒకే దెబ్బకు రెండు పోతున్నాయి.

అమెరికా గణిత శాస్త్రవేత్త రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన, తప్పును సరిదిద్దే కోడ్ మీకు సరిపోతుంది. నాలుగు డేటా బిట్లను 3, 5, 6, 7 స్థానాల్లో ఉంచండి. 1, 2, 4 స్థానాలు పారిటీకి, అంటే ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేలా చేర్చే బిట్లకు. 1011 తీసుకుందాం. 1, 3, 5, 7లో ఒకట్లు సరిసంఖ్య కావాలంటే మొదటి స్థానంలో 0. అలాగే 2, 3, 6, 7 కోసం రెండో స్థానంలో 1. 4, 5, 6, 7 కోసం నాలుగో స్థానంలో 0. పంపేది 0110011. దారిలో ఐదో బిట్టు చెడి 0110111 అందిందనుకోండి. మొదటి, మూడో లెక్కలు బేసి వస్తాయి, రెండోది సరి. తప్పిన లెక్కల పారిటీ స్థానాలు 1, 4 కూడితే 5. చెడిన చోటు దొరికినట్టే, దాన్ని తిప్పేయండి.

రెండు బిట్లు చెడితే మాత్రం ఈ కోడ్ మూడోదాన్ని కూడా చెడగొడుతుంది! అందుకే ఎనిమిదో బిట్టుగా మొత్తానికి ఒక పారిటీ పెట్టండి. లెక్కలు తప్పి, మొత్తం పారిటీ మాత్రం సరిగా ఉంటే చెడినవి రెండు. ఆ ప్యాకెట్టును పారేయండి.

అసలు కిటుకు పంపే వరసలో ఉంది. 6 బైట్ల డేటాకు 2 బైట్ల సీఆర్‌సీ (డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) కలిపితే, నాలుగేసి బిట్లకు ఒకటి చొప్పున 16 హామింగ్ మాటలవుతాయి, ఒక్కోటి 8 బిట్లు. వాటిని 16 వరసలు, 8 నిలువుల పట్టీగా రాసుకుని, నిలువునా పంపండి. అప్పుడు వరసగా 16 బిట్లు పోయినా ఒక్కో మాటలో ఒకటే చెడుతుంది, అన్నీ బాగవుతాయి. అందుకునే చోట ముందు పట్టీని తిరిగి పేర్చి, హామింగ్‌తో సరిచేసి, చివర సీఆర్‌సీ చూడాలి. అది తప్పితే పాత రీడింగే ఉంచండి. తప్పుడు అంకె చూసి మోటారు ఆపకపోతే ట్యాంకు పొర్లిపోతుంది.

ప్యాకెట్టు ముందు, రిసీవర్ బిట్ల వేగం పట్టుకునేందుకు 1010 వరస, డేటా ఎక్కడ మొదలో చెప్పే 16 బిట్ల గుర్తుపదం తప్పనిసరి. ఒక్క బిట్టు జారినా తర్వాతి స్థానాలన్నీ జరిగిపోతాయి, అది హామింగ్‌కు అందని తప్పు. రవ్వ గుర్తుపదం మీదే పడొచ్చు కనుక మొత్తం ప్యాకెట్టును సెకను ఆగి మళ్లీ పంపండి.

యాంటెనా తీగ 17.3 సెంటీమీటర్లు ఉండాలి. రిసీవర్ సప్లైకి దగ్గరగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. డాబా మీది టెర్మినళ్లను కూడా విప్పి చూడండి, మన ఉప్పుగాలికి రాగికి చిలుము పట్టి ఉంటే గీకి, బిగించి, గ్రీజు పూయండి.