ఎండోస్కోపీ అంటే భయంగా ఉంది, తోడు రమ్మని అడగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వచ్చే వారం మీకు ఎండోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి ట్యూబు గొంతులోంచి దింపి కడుపు లోపల చూసే పరీక్ష. డాక్టరేమో రోజూ చేసేదే, పది నిమిషాల పని అన్నారు. ఇంట్లోవాళ్లు ఈమాత్రం దానికి ఇంత కంగారా అని నవ్వేస్తున్నారు. మీకు మాత్రం కంటిమీద కునుకు లేదు. ఎవరినైనా తోడు రమ్మని అడిగితే చిన్నపిల్లల చేష్టలా ఉంటుందేమోనని మొహమాటం.

అడగండి. నిక్షేపంగా అడగండి. నేనూ ఆ బల్ల మీద పడుకుని లేచినదాన్నే. కాకపోతే ‘భయంగా ఉంది’ అని చెప్పి ఊరుకోకుండా, ఎవరి దగ్గర మీకు ఏం కావాలో తేల్చుకుని అడగండి. నాకు పనికొచ్చింది అదే.

ముందు ఆ భయం సరిగ్గా దేని గురించో చూసుకోండి. అందరికీ ఒకటే ఉండదు. కొందరికి సూది, కొందరికి మత్తులో ఒళ్లు తెలియకపోవడం, కొందరికి ముక్కూమొహం తెలియనివాళ్ల ముందు డోకు రావడం. చాలామందికి అసలు భయం పరీక్ష కాదు, రిపోర్టులో ఏం వస్తుందోనని. నాదైతే ఊపిరి ఆడదేమోనని. ట్యూబు గొంతులో ఉన్నంతసేపూ గాలి ఎలా పీల్చాలి? ఇదొక్కటే రోజంతా బుర్రలో తిరిగేది. ‘టెన్షన్‌గా ఉంది డాక్టర్’ అంటే ఆయన మాత్రం ఏమంటారు, నవ్వి ధైర్యం చెబుతారు. ‘ఊపిరి ఆడుతుందా?’ అని అడిగితే మాత్రం సూటిగా జవాబు చెప్పక తప్పదు.

ఆ జవాబు ఇదీ. గాలి వెళ్లే గొట్టం వేరు, అన్నం దిగే గొట్టం వేరు. ఎండోస్కోపు దిగేది అన్నవాహికలోకి. దాని మందం సుమారు ఒక సెంటీమీటరు, సన్నటివి ఇంకా తక్కువే ఉంటాయి. కాబట్టి ఊపిరి మామూలుగానే ఆడుతుంది. పైగా వేలికి క్లిప్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో పరీక్ష అయ్యేవరకూ చూస్తూనే ఉంటారు. మరి ఊపిరి ఆడనట్టు ఎందుకనిపిస్తుందంటే, ముందుగా గొంతులో కొట్టే మొద్దుబారే స్ప్రే వల్ల. చేదుగా ఉంటుంది, కాసేపటికి గొంతు వాచినట్టు, గుటక పడనట్టు ఉంటుంది. ఈ సంగతి తెలియకపోతే అక్కడే బెంబేలెత్తిపోతాం. అది మందు పట్టిందనడానికి గుర్తు, అంతే. డోకు రావడం మన చేతిలో ఉన్నది కాదు, వాళ్లకు అలవాటే. నోట్లో ఊరేది మింగాలని చూడకండి, పక్కకు కారిపోనివ్వండి, లేకపోతే సిస్టరే ట్యూబుతో లాగేస్తారు. బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో పరీక్షించడానికి, లోపలి పొర నుంచి చిన్న ముక్క తీస్తే నొప్పి తెలియదు. కడుపు లోపలి పొరకు సాగదీస్తే తెలుస్తుంది గానీ గిల్లితే తెలియదు. లోపలికి గాలి పంపుతారు కాబట్టి కాస్త ఉబ్బరం, తర్వాత తేన్పులు మాత్రం ఉంటాయి.

ఇక తోడు సంగతి.

మనమంటే ప్రాణం పెట్టేవాళ్లే ఇలాంటప్పుడు ‘ఏం కాదులే’ అనేస్తారు. ఆ మాటతో వాళ్ల కంగారు తగ్గుతుందేమో గానీ మన నోరు మూతపడుతుంది. ఏం కాదని మనకూ తెలుసు కదా! తెలిసినా భయం వేస్తోందనే కదా చెప్పబోయింది. అందుకని నేను ఇంట్లో అందరిలోకీ తక్కువ మాట్లాడే మా తమ్ముణ్ని ఎంచుకున్నాను. ఫోన్ చేసి ఒరేయ్, ఎండోస్కోపీ ఉంది, నాకు చాలా భయంగా ఉంది, నాతో వస్తావా అన్నాను. వాడు ఒక్క క్షణం ఆగి, ‘వస్తా అక్కా, నేనేం చెయ్యాలి?’ అన్నాడు. ఏమీ చెయ్యక్కర్లేదు, నన్ను సముదాయించొద్దు, పక్కన కూర్చో, అడిగితే ఏదో ఒకటి మాట్లాడు, అయ్యాక డాక్టర్ చెప్పింది విని రాసుకో అన్నాను. వాడికీ హాయిగా ఉంది, ఏం చెయ్యాలో తెలిసింది కాబట్టి. చాలామంది మన భయం వినగానే చిరాకు పడేది మనసు లేక కాదు, ఏమనాలో తోచక. ఆ ఇబ్బంది మనమే తీర్చేస్తే సరి.

వెయిటింగ్ హాల్లో వాడు ఆఫీసులో పాడైపోయిన ప్రింటర్ గురించి చెప్పాడు. అంత బోరు కథ నేనెప్పుడూ వినలేదు. నా పేరు పిలిచేవరకూ విన్నాను, బాగానే గడిచింది.

చెయ్యి పట్టుకుంటే ధైర్యం వస్తుందనేది ఉత్త నమ్మకం కాదు. 2006లో జేమ్స్ కోన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పెళ్లయిన 16 మంది స్త్రీలను ఎంఆర్ఐ మెషీన్‌లో పడుకోబెట్టి, కాలికి చిన్న షాక్ తగలొచ్చని చెప్పి, మెదడు స్పందన గమనించింది. భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు ప్రమాదానికి స్పందించే భాగాల్లో అలజడి బాగా తగ్గింది. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది. సంసారం సవ్యంగా సాగుతున్నవాళ్లలో భర్త చెయ్యి ఇంకా బాగా పనిచేసిందట, అది వేరే సంగతి! మీకు పనికొచ్చేది ఆ పరాయి మనిషి చెయ్యి. ఎందుకంటే మామూలుగా లోపలి గదిలోకి మనతో వచ్చినవాళ్లను రానివ్వరు.

అందుకే రెండోసారి చెప్పుకోవాల్సింది ఆసుపత్రి వాళ్లకు. ఎప్పుడు చెప్పాలన్నది ముఖ్యం. పళ్ల మధ్య ప్లాస్టిక్ మౌత్‌పీస్ పెట్టి, దాని పట్టీ తల వెనక్కి బిగించాక మనం ఇక మాట్లాడలేం. చేతి నరానికి కాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెడుతున్నప్పుడే చెప్పేయండి. నేను సిస్టర్‌తో, ఊపిరి ఆడదేమోనని భయంగా ఉంది, పరీక్ష అయ్యేదాకా నా భుజం మీద చెయ్యి వేసి ఉంచుతారా అన్నాను. ఆవిడ ప్లాస్టర్ అంటిస్తూనే తలెత్తి చూసి, ‘ఎడమవైపు తిరిగి పడుకుంటారు కదా, నేను మీ తల దగ్గరే ఉంటాను, ముక్కుతో గాలి పీలుస్తూ ఉండండి, ఆపాలనిపిస్తే ఈ చెయ్యి ఎత్తండి’ అంది. ఆ చెయ్యి ఎత్తాల్సిన అవసరం రాలేదు. ఎత్తొచ్చని తెలిసి ఉండటంతోనే సగం భయం పోయింది.

ఇంకో మాట కూడా అడగొచ్చు. ‘ఇప్పుడు మంట పుడుతుంది, ఇప్పుడు నొప్పిగా ఉంటుంది’ అంటూ చెప్పొద్దని, ఏం చేస్తున్నారో అది మాత్రం చెప్పమని. ఇది నా చాదస్తం కాదు. ఎల్విరా లాంగ్ అనే రేడియాలజిస్టు బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి హెచ్చరికలు విన్న రోగులకు నొప్పీ ఆందోళనా పెరిగాయని తేలింది. అందరికీ ఇది నప్పకపోవచ్చు. ప్రతీదీ ముందే తెలిస్తేనే స్థిమితంగా ఉండేవాళ్లూ ఉన్నారు. మీరు ఏ రకమో మీకే తెలుస్తుంది.

మత్తు గురించి డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. ఉత్త స్ప్రేతో చేస్తారా, నరానికి మత్తు ఇంజెక్షన్ కూడా ఇస్తారా అని. స్ప్రే అయితే త్వరగా లేచి వెళ్లిపోవచ్చు. మత్తు తీసుకుంటే పరీక్ష తేలిగ్గా అయిపోతుంది గానీ ఆ తర్వాత 24 గంటలు బండి నడపకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, ఇంటికి తీసుకెళ్లే మనిషి ఉండాల్సిందే. చూశారా, తోడు అడగడానికి మీరు ఇంత మొహమాటపడుతున్నారు, మత్తు తీసుకుంటే ఆసుపత్రి వాళ్లే తోడు లేకుండా పంపరు! ఎవరైనా ఎందుకు అని అడిగితే ఆ కారణమే చెప్పేయండి. గతంలో పానిక్ ఎటాక్ వచ్చి ఉన్నా, ఏదైనా చేదు అనుభవం వల్ల ఒంటి మీద చెయ్యి వేస్తేనే వణుకు పుడుతున్నా, అది పరీక్ష రోజుదాకా దాచొద్దు. ముందే చెబితే మత్తు డాక్టర్‌ను ఏర్పాటు చేసే వీలుంటుంది. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు వాడుతుంటే ఎలాగూ చెప్పాలి.

ముందురోజు రాత్రి వీడియోలు చూడకండి. బాగా జరిగిందని వీడియో పెట్టే తీరిక ఎవరికుంటుంది? నేనైతే ఆ రాత్రి వేరే చదువుకున్నాను. 1868లో జర్మనీలో అడాల్ఫ్ కుస్మావుల్ అనే డాక్టర్ మొదట ఈ పరీక్ష చేసి చూపించింది కత్తులు మింగే గారడీవాడి మీద! అప్పటి గొట్టం వంగేది కాదు మరి, ఇంకెవరు మింగుతారు. సన్నటి గాజు పోగులతో చేసిన, వంగే ఫైబర్ స్కోపు 1957లో వచ్చింది. దాన్ని తయారుచేసిన బేసిల్ హిర్షోవిట్జ్ ముందు తన గొంతులోనే దింపుకుని చూసుకున్నాడట. నాకెందుకో ఆయన మీద గౌరవం కలిగింది, కాస్త నిద్ర కూడా పట్టింది.

రాగలిగినవాళ్లు ఎవరూ లేకపోతే దూరంగా ఉన్న స్నేహితులైనా సరే. పిలుపు వచ్చేదాకా ఫోన్‌లో మాట్లాడుతూ ఉండమని అడగండి, లోపల సిస్టర్ సాయం ఉంటుంది. ఇంటికి చేర్చే మనిషి దొరకకపోతే మత్తు లేకుండా కుదురుతుందేమో డాక్టర్‌తో మాట్లాడండి.

అయ్యాక డాక్టర్ చెప్పేది మాత్రం మీరొక్కరే వినొద్దు. మత్తు ఇంజెక్షన్ తర్వాత జరిగినవి కొన్ని గుర్తుండవు. ఆయన నాతో కాసేపు మాట్లాడారని, నేను ‘సరే డాక్టర్, థాంక్యూ’ అని కూడా అన్నానని మా తమ్ముడు చెబితేనే తెలిసింది. వాడు ఫోన్‌లో రాసి పెట్టిన మందుల పేర్లు, మళ్లీ ఎప్పుడు రావాలో, గొంతు మొద్దు వదిలేవరకూ ఏమీ మింగొద్దన్న మాటా లేకపోతే నాకు ఏమీ తెలిసేది కాదు. బయాప్సీ తీస్తే దాని రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. రిపోర్టు తెచ్చుకునే రోజుకు కూడా ఆ మనిషినే ఇప్పుడే అడిగి పెట్టుకోండి.