పాతకాలం ఫార్ములా వన్‌లో డ్రైవర్లు అంతమంది ఎందుకు పోయారు?

1960, 70ల్లో ఈ కార్ల రేసుల్లో అంతమంది పోయారంటే ఆ డ్రైవర్లకి ప్రాణం మీద లెక్కలేదా అని అడిగారు. లెక్కలేనిది డ్రైవర్లకి కాదు, రేసులు నడిపినవాళ్ళకి. మనవాళ్ళలో ఈ మాట వస్తే 1994లో రేసులో పోయిన అయర్టన్ సెన్నాతో మొదలై సెన్నాతోనే ఆగిపోతుంది. నన్నడిగితే ముందు తెలుసుకోవాల్సిన పేరు డ్రైవర్ రోజర్ విలియమ్సన్.

1973 జులై 29, నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్ ట్రాక్. భద్రత చాలదని 1972లో అక్కడ రేసే జరగలేదు. మరుసటి ఏడాదికి ట్రాక్ బాగుచేసి కొత్త రెయిలింగులు వేశారు గానీ, వాటి స్తంభాలు పాతింది ఇసుకలో. విలియమ్సన్‌కి అది రెండో గ్రాండ్ ప్రి, అంటే రెండో ఫార్ములా వన్ రేసు. ఎనిమిదో ల్యాప్‌లో (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు ఒక ల్యాప్) అతని కారు, మార్చ్ 731, అదుపు తప్పింది. టైరు పోయి ఉంటుందని అంటారు. ఆపాల్సిన రెయిలింగ్ వెనక్కి వంగి కారుని పైకి ఎగరేసింది. కారు తలకిందులై, జారుతూ వెళ్ళి అంటుకుంది. 72 ల్యాప్‌ల రేసు కాబట్టి పెట్రోలు ఇంకా చాలావరకు ట్యాంకుల్లోనే ఉంది.

విలియమ్సన్‌కి పెద్ద దెబ్బలేమీ తగల్లేదు. కింద ఇరుక్కుపోయాడంతే. వెనకే వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు ఆపి, ట్రాక్ దాటి పరిగెత్తాడు. ఒక్కడే కారుని తిప్పబోయాడు. ఆ ఏడాది నిబంధన ప్రకారం కారు కనీస బరువే 575 కిలోలు, పెట్రోలు కాకుండా. ఒక మనిషితో అయ్యే పని కాదు, నలుగురు కావాలి. ట్రాక్ పక్కన భద్రత చూసే మార్షల్స్ అక్కడే ఉన్నారు, కానీ మామూలు బట్టల్లో ఉన్నారు, మంట దగ్గరికి రాలేకపోయారు. వాళ్ళ దగ్గర మంటలార్పే సిలిండర్ లాక్కుని పర్లీయే మంట మీద కొట్టాడు. అది ఖాళీ అయింది, మంట ఆరలేదు. ఆగమని చేతులూపితే మిగతా డ్రైవర్లు కాలుతున్న కారు పర్లీదేననీ, అతను బయటపడ్డాడనీ అనుకున్నారు. రేసు ఆపలేదు. కార్లు తిరుగుతుండగా ఫైరింజన్ ఎదురు రాకూడదు గనక చుట్టూ తిరిగి వచ్చేసరికి సుమారు 8 నిమిషాలు పట్టింది. విలియమ్సన్ ఊపిరాడక పోయాడు. పర్లీకి తర్వాత బ్రిటన్ సాహస పతకం జార్జ్ మెడల్ ఇచ్చారు.

ఇలాంటి మంటే 1976లో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌లో నికీ లౌడా కారుకి అంటుకుంది. అక్కడ తోటి డ్రైవర్లు ఎడ్వర్డ్స్, లంగర్, ఎర్టల్, మెర్జారియో నలుగురూ ఆగారు. బెల్టు విప్పి లాగింది మెర్జారియో. లౌడా బతికాడు. తేడా మనుషుల సంఖ్యలోనే ఉందని నా గట్టి నమ్మకం.

మిగతావాళ్ళ కథలూ దాదాపు ఇంతే. 1967 మొనాకో రేసులో డ్రైవర్ లొరెంజో బండీని కారు మంటని పెంచింది ట్రాక్ పక్కన పెట్టిన గడ్డిమోపులు. 1970లో ఇటలీలోని మోంజా ట్రాక్‌లో యోఖెన్ రింట్ కాళ్ళ మధ్య వేసుకునే పట్టీలు పెట్టుకోలేదు, గుద్దినప్పుడు శరీరం కిందికి జారి బెల్టే గొంతుకి తగిలింది. 1971లో డ్రైవర్ జో సిఫర్ట్ పోయాకే కారులోనే మంటలార్పే ఏర్పాటు, హెల్మెట్‌లోకి గాలి గొట్టం తప్పనిసరి చేశారు. ఒక్కొక్క నిబంధన వెనక ఒక్కొక్క మనిషి ఉన్నాడు. ఆ మంటల వీడియోలకి సంగీతం తగిలించి, డ్రైవర్ పేరైనా రాయకుండా పెట్టేవాళ్ళని చూస్తే నాకు చాలా కోపం వస్తుంది.

డాక్టర్ విషయమూ అంతే. 1978 మోంజాలో స్టార్ట్ దగ్గరే గుద్దుకుని డ్రైవర్ రోనీ పీటర్సన్ కాళ్ళు విరిగాయి, అంబులెన్స్ ఆలస్యంగా వచ్చింది, మర్నాడు అతను పోయాడు. ఆ తర్వాతే ఫార్ములా వన్ డాక్టర్ సిడ్ వాట్కిన్స్ పట్టుబట్టి, మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే డాక్టర్ ఉన్న కారు వెళ్ళేలా చేశాడు. ఇప్పటి రేసుల్లోనూ స్టార్ట్ అవగానే వెనక వెళ్ళేది ఆ కారే.